షోకు పడవకు బెత్తెడు తక్కువ

మొన్న కంటి ఆస్పత్రికి వెళ్లాను. శుక్లాలు ఎంత ముదిరాయో చూడాలని కళ్లలో చుక్కల మందు వేసి, ముప్పావుగంట కదలకుండా కూర్చోమన్నారు. ఎదురుగా గోడకున్న టీవీలో ఎవరో విదేశీ కుబేరుడి ఓడను చూపిస్తున్నారు. మూడు తెరచాప కొయ్యలు, ఒక్కొక్కటి తాటిచెట్టుకు మూడింతలు ఉంటుందేమో, చుట్టూ తాళ్లు లేవు, మనుషులు లేరు. మీట నొక్కితే కొయ్యలే గాలివాటుకు తిరుగుతాయట, చాపలు వాటంతటవే విచ్చుకుంటాయట, గాలి ఉంటే చాప, పడిపోతే ఇంజను. లోపల ఈతకొలను, పియానో, పాలరాతి స్నానాల గది. పక్క కుర్చీలో ఉన్నావిడ ఎంత బాగుందో చూడండి అంది. మసకమసకగానే చూస్తూ నేను, అంత ఎత్తుది వంతెన కింద ఎట్లా పడుతుందండీ అన్నాను. చుక్కల మందు నాకు తలకెక్కిందనుకుందో ఏమో, సముద్రంలో వంతెనలు ఎక్కడుంటాయండీ అని ఆవిడ జాలిగా నవ్వింది.

నాది ముందునుంచీ కంగారు పుటకే. గ్యాసు కట్టేశానా లేదా అని వీధి చివరిదాకా వెళ్లి తిరిగొచ్చే మనిషిని, రైలుకు రెండు గంటల ముందు స్టేషన్లో ఉండే మనిషిని. మా ఇంట్లో పిల్లలు దీనికి వేళాకోళం చేస్తారు, చెయ్యనీయండి. ఈ కంగారంతా నాతో పుట్టింది కాదనీ, దానిలో సగం ఒక వంతెన కింద పట్టుకున్నదనీ వాళ్లకు తెలియదు. నేను ఎవరికీ చెప్పలేదు. మన ఈడు వాళ్లయితే ఆ కాలవలూ ఆ పడవలూ చూసినవాళ్లు గనక చెబితే అర్థమవుతుందని ఇప్పుడు రాస్తున్నాను.

డెబ్బైల మొదట్లో బెజవాడలో బందరు కాలవ గట్టున మా పెదనాన్నకు పడవలు కట్టే షెడ్డు ఉండేది. షెడ్డంటే పెద్దగా ఊహించుకోకండి, రేకుల కప్పు, నాలుగు వైపులా గాలి, కాలవలోకి దిగే వాలు, ఎప్పుడూ పలకల సందుల్లో పూసే గుగ్గిలమూ నూనే కాగుతున్న వాసన. మా నాన్న నా చిన్నప్పుడే పోతే పెదనాన్నే నన్ను సాకాడు. ఆదివారం ప్రార్థనకు చర్చి గుడిలో ముందు వరసలో కూర్చుని, పాట తప్పు రాగంలో పాడి, మిగతా ఆరు రోజులూ చెక్క చెక్కే బాడిశ చేతిలోంచి దించని మనిషి. ఆయనకు కాయితం మీద బొమ్మ అంటూ ఉండేది కాదు. పడవ ఎంతుండాలో తాడుకు ముళ్లు వేసుకుని, మూరల్లో, జానల్లో, బెత్తెల్లో చెప్పేవాడు. బెత్తెడంటే నాలుగు వేళ్ల వెడల్పని మీకు నేను చెప్పక్కర్లేదు గాని, ఆయన నాలుగు వేళ్లూ కలిపితే స్కేలు పెట్టినట్టు సరిగ్గా మూడంగుళాలు వచ్చేది.

నన్ను మాత్రం పట్టుబట్టి ట్రేసరు కోర్సుకు పంపాడు. ఇంజనీరు గీసిన బొమ్మ మీద పల్చటి కాయితం పరిచి, కింద కనబడే ప్రతి గీతనూ నల్లసిరాతో తిరిగి దిద్దడం ట్రేసరు పని. ఆ గీత అక్కడ ఎందుకుందని అడగడం ఆ పనిలో భాగం కాదు. సర్టిఫికెట్టు తెచ్చుకున్న రోజున పెద్దమ్మ దాన్ని పటం కట్టించింది, పెదనాన్న షెడ్డుకు వచ్చినవాళ్లందరికీ చూపించాడు. ఇంక మా అమ్మాయి కాయితం మీద వేస్తుంది, మనం కాయితం చూసి కడతాం అనేవాడు. నాకు సిగ్గూ వేసేది, గర్వమూ ఉండేది.

అప్పటికే పడవల పని పల్చబడింది. ధాన్యం, ఇటుక, చెరుకు, అన్నీ లారీలెక్కాయి. హనుమాన్ జంక్షన్ దగ్గర లారీలు బారులు తీరుతుంటే మా కాలవలో పడవలు ఖాళీగా గట్టుకు కట్టి ఉండేవి. ఏడాదిన్నరగా కొత్త పడవ కట్టమని అడిగినవాడు లేడు. షెడ్డు మూసేసి తలుపులూ కిటికీలూ చేసుకుందామా అని పెదనాన్న ఆలోచిస్తున్న రోజుల్లో, ఉయ్యూరు వైపు నుంచి ఒక చెరుకు ఆసామి గారు కారులో వచ్చి దిగాడు.

ఆయన చేతిలో ఏదో ఇంగ్లీషు పత్రికలోంచి చింపిన రంగుల పేజీ ఉంది. తెల్లటి ఓడ, దాని మీద తెల్లటి తెరచాప, దాని నీడలో కుర్చీ వేసుకుని కూర్చున్న దొర. అటువంటిది కావాలన్నాడు. కాలవలో ఉయ్యూరు నుంచి బందరు దాకా చుట్టాలతో, స్నేహితులతో షికారుకు వెళ్లడానికి. ఇంజను ఉండాలి, కాని ఆ రోజుల్లో డీజిలుకు పడ్డ కటకట మీకు గుర్తుండే ఉంటుంది, అందుకని గాలి ఉన్నంతసేపూ చాప మీద నడవాలి. ఇది నచ్చితే ఇంకో మూడు కట్టిస్తాననీ, కాలవ మీద షికారు పడవలు తిప్పుతాననీ అన్నాడు. మూడు పడవలంటే షెడ్డుకు మూడేళ్ల పని. ఆయన కారు వెళ్లిపోయాక పెదనాన్న ఆ పేజీని ఎండకు పట్టుకుని చాలాసేపు చూసి, షోకు పడవ అన్నాడు. ఆ పేరే స్థిరపడిపోయింది.

ఆ వేసవంతా మా ఇంట్లో మరో మాట లేదు. బందరు దగ్గర సముద్రం మీద బతికిన ఒక ముసలి సరంగును పిలిపించారు, తెరచాప కుట్టేదీ ఆయనే, రేపు పడవ నడిపేదీ ఆయనే. చాప తెల్లగా ఉండాలని ఆసామి గారు, వలలకు పట్టించినట్టు తుమ్మచెక్క రంగు పట్టించకపోతే రెండేళ్లలో చివికిపోద్దని సరంగు, ఇద్దరి మధ్యా పెదనాన్న. చివరికి తెల్లచాపే గెలిచింది. కొయ్య సంగతి మాత్రం పెదనాన్నదే. వంతెన వచ్చినప్పుడు కొయ్య పడుకోవాలి, దాటగానే లేవాలి. మామూలు పడవల్లో నలుగురు కలిసి దించుతారు. ఈయన కొయ్య మొదట్లో ఇనప ఇరుసు పెట్టి, కింది చివరన రాతిబరువు కట్టి, ఒక్క మనిషి ఒక తాడు వదిలితే వాలిపోయి, లాగితే నిలబడేటట్టు చేశాడు. చూడటానికి జనం వచ్చేవాళ్లు. అందరి కళ్లూ ఆ కొయ్య మీదే ఉండేవి, నావి కూడా.

చిక్కు గది దగ్గర వచ్చింది. డెల్టా పడవల మీద గది ఎప్పుడూ వంగి దూరేటంత పొట్టిగానే ఉంటుంది. ఆసామి గారికి అది నచ్చలేదు. లోపల టేకు పలకలు, రంగుటద్దాలు, ఎర్ర తివాచీ, వాళ్లమ్మగారికి ఊగే కుర్చీ, అన్నిటికీ మించి నడిమధ్య ఫ్యాను ఉండాలి, ఫ్యాను కింద నుంచుని చెయ్యెత్తినా తగలకూడదు. అంత ఎత్తు లేపితే వంతెన కింద పడుతుందా లేదా అన్నది ప్రశ్న. కంకిపాడుకు ఇవతల ఒక పాత ఇటుక వంతెన ఉండేది, ఆ దారిలో ఉన్నవాటన్నిటిలోకీ పొట్టిది అదే. పెదనాన్నకు మోకాళ్ల నెప్పి. నువ్వెళ్లి కొలిచి బొమ్మ వేసుకురా అమ్మాయ్, అదే ఖాయం చేద్దాం అన్నాడు.

మే నెల. నేను టేపూ, అట్టా, గొడుగూ పట్టుకుని బస్సులో వెళ్లాను. వంతెన మధ్య నుంచి బరువు కట్టిన టేపు కిందికి వదిలి, గట్టు దిగి చూసి, నీళ్ల నుంచి వంతెన అడుగు దాకా పదకొండు అడుగులని రాసుకున్నాను. తప్పు రాకూడదని మూడుసార్లు కొలిచాను. తరవాత గట్టు మీద కూర్చుని వంతెన బొమ్మ వేశాను. ఇటుకల వరసలు, పగుళ్లు, స్తంభానికి నీళ్లకంటే బాగా పైన అడ్డంగా నల్లగా ఎండిపోయిన నాచు గీత, ఏదీ వదల్లేదు. నాచు గీతను సన్నటి గీతలతో నీడ పెట్టి మరీ వేశాను. బొమ్మ అచ్చు ఫొటో లాగా వచ్చిందని పెదనాన్న మురిసిపోయాడు. నీటి మీద నుంచి కప్పు దాకా ఎనిమిదిన్నర అడుగులు పెట్టినా ఇంకా రెండున్నర అడుగుల జాగా ఉంటుందని నేను లెక్క చెప్పాను. ఆసామి గారికి కబురు వెళ్లింది, గది లేచింది, ఫ్యాను తగిలించారు.

మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. మన వైపు పుట్టిన ఏ పిల్లకైనా అర్థమవుతుంది. నాకే కాలేదు.

జూన్‌లో కాలవలకు నీళ్లు వదిలారు. పొద్దున్నే రేవులో బట్టలు జాడిస్తూ, నిన్నటిదాకా కూర్చున్న మెట్టు కనబడక, పైమెట్టు మీదికి జరిగాను. సబ్బు చేతిలోనే ఉంది. వేసవిలో కాలవలు కట్టేస్తారు, అడుగున మిగిలిన మడుగు నీళ్లే ఉంటాయి. నేను కొలిచింది ఆ మడుగు నుంచి. నిండు కాలవ ఎక్కడిదాకా వస్తుందో వంతెన స్తంభం మీద నాచే గీత గీసి పెట్టింది. నేను ఆ గీతను చూశాను, నీడ పెట్టి వేశాను, అది ఏం చెబుతోందని అడగలేదు. తడి బట్టలతోనే ఇంటికి పరిగెత్తి బొమ్మ తీసి స్కేలు పెట్టాను. మడుగు నుంచి నాచు గీతకు రెండడుగుల తొమ్మిదంగుళాలు. నా జాగా రెండున్నర అడుగులు. మూడంగుళాలు తక్కువ, బెత్తెడు. పడవకు రంగులు కూడా వేసేశారు, ఇంకో పది రోజుల్లో ప్రయాణం.

ఆ పది రోజులూ నేను ఎట్లా గడిపానో ఆ దేవుడికి తెలుసు. చెప్పేద్దామని మూడుసార్లు షెడ్డుకు వెళ్లాను. ఒకసారి పెదనాన్న కప్పు అంచున చెక్కిన లతలకు తనే స్వయంగా పాలిషు పెడుతున్నాడు. ఒకసారి ఆసామి గారి మనుషులున్నారు. ఇంకోసారి ఎవరూ లేరు, ఆయన నన్ను చూసి, ఏమ్మాయ్, మూడు పడవలూ అయ్యాక నీ పెళ్లి గుడి నిండా జనంతో చేస్తా అన్నాడు, నేను వచ్చిన దారినే తిరిగొచ్చేశాను. అన్నం సయించేది కాదు. దిష్టి అని ఎవరో చెప్పిన మాటను పెద్దమ్మ కొట్టిపారేసి, జ్వరమేమోనని కషాయం పట్టించింది. ఆదివారం పాస్టరు గారు షోకు పడవ కోసం ప్రార్థన చేస్తే గుడంతా ఆమెన్ అంది, నా గొంతులోంచి రాలేదు. డెల్టా అంతా నాట్లకు నీళ్లు చాలవని ఆకాశం వంకా లాకుల వంకా చూస్తూంటే, నేనొక్కదాన్నే కాలవ నిండకూడదని ప్రార్థించాను. రేవులో మెట్లు రోజూ లెక్కపెట్టుకునేదాన్ని. ఆ ఏడు నీళ్లు ఎన్నడూ లేనంత చక్కగా, గీత దాకా, వచ్చాయి.

ప్రయాణం రోజు ఆసామి గారు, వాళ్లావిడ, వాళ్లమ్మగారు, నలుగురు చుట్టాలు బెజవాడలోనే ఎక్కారు. మిగతా అతిథులు ఉయ్యూరులో ఎక్కాలి, అక్కడ పందిరి వేశారట. తెల్లచాప గాలికి నిండి పడవ ఇంజను చప్పుడు లేకుండా సాగుతుంటే గట్టు మీద జనం నడుస్తూ వచ్చారు. మొదటి వంతెన దగ్గర కొయ్య వాలి, దాటగానే లేచి నిలబడితే అందరూ చప్పట్లు కొట్టారు. అది ఎత్తు వంతెన. ఆసామి గారు పెదనాన్న భుజం తట్టాడు. నేను పడవ ముక్కు దగ్గర కూర్చుని కొంగు వేళ్లకు చుట్టుకుంటూ, విప్పుతూ, బెత్తెడు అంటే ఎంతని, చెక్క నీళ్లు పీల్చి పడవ ఇంకాస్త దిగి ఉండదా అని, నాకు నేనే సర్దిచెప్పుకుంటున్నాను. కంకిపాడు వంతెన కనబడింది. నాచు గీత కనబడలేదు. నీళ్లు దాన్ని కప్పేశాయి.

ఆపండి, ఆపండి అని అరిచింది నేనేనని తరవాత చెప్పారు. సరంగు గెడ వేసి ఆనించాడు గాని నీటి వాలు ఊరుకోదు కదా, పడవ నెమ్మదిగా వెళ్లి వంతెనకు ఆనింది. పెదనాన్న పాలిషు పెట్టిన లతలు టకటకమని విరిగి నీళ్లలో పడ్డాయి. ఊగే కుర్చీలో ముసలమ్మగారు దేవుణ్ణి తలుచుకుంది. వెనక్కి లాగి గట్టుకు కట్టేసరికి వంతెన మీద బస్సు ఆగింది, జనం పిట్టగోడ మీంచి వంగి చూస్తున్నారు, ఎవరో నవ్వారు కూడా. ఆసామి గారి మొహం కందగడ్డ అయింది.

"ఎవరిదయ్యా మేస్త్రీ, ఈ కొలత?"

నేను లేచి నుంచున్నాను. అంతవరకు నిజం. నోరు తెరిచాను కూడా. పెదనాన్న నా వైపు చూడకుండానే రెండడుగులు ముందుకు వేసి, ఆసామి గారికీ నాకూ మధ్య నుంచున్నాడు.

"నాదేనండి" అన్నాడు.

నేను తెరిచిన నోరు మూసుకున్నాను.

ఆయన కప్పు ఎక్కి, వంతెనకూ కప్పుకూ వేళ్లు పెట్టి చూసుకుని, బెత్తెడండీ, బెత్తెడే, ముంచుదాం అన్నాడు. ఎవరికీ అర్థం కాలేదు, సరంగుకు తప్ప. "బరువెయ్యాలండీ. ఖాళీ పడవ తేలిద్ది, నిండుది దిగిద్ది. జనాన్ని ఎక్కించండి" అని సరంగు గట్టు మీదికి కేకేశాడు. పక్క మడిలో నారు పోస్తున్న ఆడవాళ్లు వచ్చారు, బస్సు దిగిన వాళ్లు వచ్చారు, సైకిళ్లు పడేసి కొందరు, మేకలు తోలుకొచ్చిన ముసలాయన మేకల్ని వదిలేసి వచ్చాడు. రండమ్మా, లోపలికి పదండి, కప్పు మీద మటుకు ఎక్కమాకండి అని పెదనాన్న ఒక్కొక్కరినీ చెయ్యి పట్టుకుని ఎక్కించాడు. మోకాళ్ల దాకా బురదతో వాళ్లు ఎర్ర తివాచీ మీద సర్దుకుని నుంచున్నారు, టేకు పలకలకు ఆనుకున్నారు, రంగుటద్దాల్లోంచి బయటికి చూశారు. ఒకావిడ ఫ్యానును చూసి, తిరిగిద్దా ఇది అని అడిగింది. ఆసామి గారి భార్య చీర కుచ్చిళ్లు పైకెత్తి పట్టుకుని ఒక మూల నుంచుంది. డెబ్బై మందో ఎనభై మందో, పడవ ఒక్కొక్క వేలూ దిగింది. పెదనాన్న కప్పు అంచున చెయ్యి పెట్టుకుని, మూడు వేళ్లు, రెండు వేళ్లు అని చెబుతూ ఉన్నాడు. చివరికి తాడు వదలమన్నాడు.

కప్పు ఇటుకలకు రాసుకుంటూ, ఎర్రటి పొడి రాలుతూ, షోకు పడవ వంతెన దాటింది. లోపలున్న వాళ్లంతా ఒక్కసారి గొల్లున నవ్వారు. ఆసామి గారు నవ్వలేదు. ఉయ్యూరు చేరేదాకా పెదనాన్నతో మాట్లాడలేదు. ఆ మూడు పడవల మాట ఆ రోజుతో సరి.

తిరుగు బస్సులో పెదనాన్న కిటికీ పక్కన కూర్చున్నాడు. నేను కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నాను. కంకిపాడు దాటాక ఆయన మెల్లగా, నాచు గీత చూళ్లేదా అమ్మాయ్ అని అడిగాడు. చూశాను, బొమ్మలో కూడా వేశాను అన్నాను.

"వేశావు. నేనూ చూశా బొమ్మలో. ఇదేంటి, గీత ఇంత పైనుంది అనుకున్నా. యాభై ఏళ్లు ఈ కాలవలోనే ఉన్నా గదా, అనుమానం రాక ఎక్కడికి పోద్ది. కాయితం మీద పదకొండని రాసుంది, నువ్వు రాశావు, ఇంక నాకెందుకులే అని నా కళ్లని నేనే నమ్మలా."

అంతే అన్నాడు. బెజవాడలో దిగాక నాకు సోడా కొనిపెట్టాడు.

ఆ సంవత్సరాంతానికి షెడ్డు మూతపడింది. ఆసామి గారు మేస్త్రీ కొలతల సంగతి నలుగురికీ చెప్పాడు, నలుగురూ నలభై మందికి చెప్పారు. పెదనాన్నను కనీసం పాత పడవ బాగుచెయ్యమని కూడా ఎవరూ పిలవలేదు. చావడి తలుపులు, స్కూలు బల్లలు, మా గుడికి బెంచీలు చేసుకుంటూ బతికాడు. చెప్పటానికి సిగ్గుగా ఉంది గాని ఇదీ చెప్పాలి. ఆ ఆసామి గారే నా మీద జాలిపడి, పొరపాటు మేస్త్రిది గాని ఈ అమ్మాయి బొమ్మలు మాత్రం చాలా చక్కగా వేస్తుందని ఒక ఉత్తరం రాసిచ్చాడు. పెదనాన్నే దాన్ని కవర్లో పెట్టి, జాగ్రత్తగా పట్టుకెళ్లమన్నాడు. ఆ ఉత్తరంతోనే నాకు సర్కారు ఆఫీసులో ట్రేసరు ఉద్యోగం వచ్చింది. పింఛను ఇప్పటికీ వస్తోంది. పెదనాన్న బతికున్నన్నాళ్లూ, ఆయన పోయాక ఆయన చేసిన బెంచీల మీదే కూర్చుని సంతాపం చెప్పిన రోజునా, నేను నోరు తెరవలేదు.

షోకు పడవ ఉయ్యూరు దగ్గర కొన్నాళ్లు కట్టి ఉండి, విప్పదీసి కలపకు పోయిందని విన్నాను. ఇప్పుడు కాలవల్లో పడవలు లేవు, గుర్రపుడెక్క ఉంది. కొయ్య ఎత్తడం, దించడం తెలిసిన చేతులు లేవు, బెత్తెడు అంటే మా మనవరాలికి తెలియదు. ఇటుక వంతెన కొట్టేసి కాంక్రీటుది కట్టారు. ఆ దారిన బస్సులో ఎప్పుడు వెళ్లినా, మసక కళ్లతోనే కిటికీలోంచి వంగి స్తంభాల మీద నాచు ఎక్కడిదాకా ఉందో చూసుకుంటాను. మీట నొక్కితే తిరిగే కొయ్యల్ని మొన్న టీవీలో చూస్తున్నప్పుడు, అది కట్టినవాళ్లలో కూడా ఎవరో ఒక పిల్ల ఎక్కడో ఒక గీత వేసి అడగకుండా వదిలేసి, రాత్రింబవళ్లు కుమిలిపోతూ ఉండి ఉంటుందేమోనని గుండె దడదడలాడింది. నర్సమ్మ వచ్చి, ఏంటి మామ్మగారూ, బీపీ ఇట్టా పెరిగింది అని అడిగింది.

ఆసామి గారు లేరు, సరంగు లేడు, పెదనాన్న లేడు. ఆ కొలత ఎవరిదని అడిగేవాళ్లు ఇంకెవరూ మిగల్లేదు. అయినా చెబుతున్నాను.

నాదేనండి.